సోమవారం రమ్మన్న వకీలు

మంచిర్యాల కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద తిరుమల టేబుల్, నా టేబుల్ పక్కపక్కనే ఉంటాయి. మేమిద్దరం ఒకే ఏడాది నల్ల కోటు వేసుకున్నాం. ఆమె గురించి నాలుగు మాటలు రాయమంటే ఎవరైనా ఏం రాస్తారో నాకు తెలుసు. బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ, కష్టపడి చదివింది, పేదల పక్షాన నిలబడింది అని రాసి దండ వేసేస్తారు. అందులో అబద్ధం లేదు, అసలు సంగతీ లేదు. తిరుమల చదువు మీద మక్కువతో వకీలు కాలేదు. న్యాయం మీద ప్రేమతో అంతకన్నా కాలేదు. ఒక మనిషి మీద పగతో అయింది. పక్క టేబుల్ నుంచి అంతా చూసినదాన్ని కాబట్టి ఆ పగ సంగతి నేను చెబితేనే బాగుంటుంది. పగ పట్టడం తప్పు కదా అనేవాళ్లు ఇక్కడే ఆగిపోయి వేరే పని చూసుకోవచ్చు.

ఆ మనిషి పేరు విజయేందర్. మా బార్‌లో పెద్ద గొంతు ఆయనది. లేబర్ కేసులంటే ఆయన దగ్గరికే పోవాలని బాయిల మీద పేరు. మార్కెట్ రోడ్డులో మేడ మీద ఆఫీసు, మెట్ల కింద క్లయింట్లు కూర్చోవడానికి ఒక బెంచీ. ఆ బెంచీ సంగతి తర్వాత చెబుతాను.

తిరుమల తండ్రి పోశం మందమర్రిలో ఒక గనిలో బొగ్గు నింపేవాడు. ఛాతీ జబ్బు పట్టింది. దగ్గు మొదలైతే ఆగేది కాదు. బాయి దిగలేక చాలా రోజులు ఇంటి దగ్గరే ఉండిపోవడంతో మస్టర్లు, అంటే హాజరు రోజులు, తక్కువ పడ్డాయి. గైర్హాజరు కింద ఉద్యోగం పోయింది. రూలు రూలే, దాని మీద నాకు వాదన లేదు. అయితే జబ్బు కాగితాలన్నీ ఉన్నాయి కాబట్టి లేబర్ కోర్టులో గట్టిగా కొట్లాడితే ఉద్యోగం తిరిగొచ్చే దారి ఉంది. పోశం విజయేందర్‌కు వకాల్తా రాసిచ్చాడు.

సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా దగ్గర పడినప్పుడు పోశం వెళ్లి, కోర్టుకు ఎప్పుడు రావాలని అడిగాడు.

"నువ్వు రాకు పోశం. నీ దగ్గు ఇని జడ్జి సాబ్ పరేషాన్ అయితడు. నేను జూస్కుంట గద" అన్నాడు విజయేందర్.

కేసు పిలిచిన రోజు ఇటు పోశం లేడు, అటు వకీలూ లేడు. అంతకు ముందే చాలా వాయిదాలు అడిగి ఉండటంతో జడ్జి ఇక ఆగలేదు. కేసు కొట్టేశారు. గైర్హాజరు అని ఉద్యోగం పోయినవాడికి, వకీలు గైర్హాజరై కేసు కూడా పోయింది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

అలా పోయిన కేసును మళ్లీ తెరవమని అడగొచ్చు. దానికి కొద్ది రోజుల గడువే ఉంటుంది. పోశం ఇక విజయేందర్‌ను నమ్మలేక దేవదాస్ అనే మరో సీనియర్ దగ్గరికి పోయాడు. దేవదాస్ మంచివాడే, కానీ మా వకీళ్లలో ఒక ఆచారం ఉంది. ఒకరి చేతిలో ఉన్న కేసు ఇంకొకరు తీసుకోవాలంటే మొదటి వకీలు వకాల్తా మీద 'నో అబ్జెక్షన్' అని రాసి సంతకం పెట్టాలి. అది లేకుండా ఎవరూ ఫైలు ముట్టుకోరు. అది తీసుకురా, కేసు నేను చూస్తాను అన్నాడు దేవదాస్.

ఒక్క సంతకమే కదా. పోశం మార్కెట్ రోడ్డుకు పోయాడు.

"సోమవారం రా" అన్నాడు విజయేందర్.

సోమవారం పోతే మళ్లీ సోమవారం రమ్మన్నాడు. అప్పుడు తిరుమల ఇంటర్ చదువుతోంది. తండ్రి ఒక్కడే బస్సెక్కలేడని నీళ్ల సీసా, తువ్వాల పట్టుకుని వెంట పోయేది. మెట్ల కింద బెంచీ మీద ఇద్దరూ కూర్చునేవారు. ఒక సోమవారం పోశం ఓపిక తెచ్చుకుని మేడ ఎక్కాడు. గుమ్మంలో నిలబడేసరికి దగ్గు వచ్చింది. లోపల ఎవరో పెద్ద క్లయింట్లు ఉన్నారు.

"కిందికి పో రా. పుస్తకాలకు అంటుకుంటది నీ రోగం" అన్నాడు విజయేందర్, కాగితాల మీంచి తల కూడా ఎత్తకుండా.

కూతురి ముందు అన్నాడు. ఆ మాట తిరుమల నాతో చెప్పినప్పుడు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది. అది చూసి నాకు భయమేసింది.

సంతకం పెట్టడానికి ఆయనకు అడ్డమేమిటంటే, ఫైలు దేవదాస్ చేతికి పోతే ఆ రోజు తాను కోర్టుకు రాలేదన్న సంగతి బార్ అంతా తెలుస్తుంది. అందుకని గడువు దాటేవరకు తిప్పాడు. దాటిన తర్వాత వచ్చిన సోమవారం నవ్వుతూ సంతకం పెట్టిచ్చాడు. "తీస్కపో, నీకెందుకు అడ్డమస్త" అన్నాడట. దేవదాస్ పిటిషన్ వేశాడు గానీ ఆలస్యాన్ని కోర్టు క్షమించలేదు. కథ అయిపోయింది. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మందమర్రిలోనే మార్కెట్ వెనక రెండు గదుల్లోకి మారారు. తల్లి సరోజన బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. పోశం గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంటూ కూర్చోవడం నేర్చుకున్నాడు.

తిరుమల డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి కరీంనగర్‌లో లా కాలేజీలో చేరింది. అక్కడ ఒక రోజు పాఠం చెబుతూ లెక్చరర్ మామూలుగా ఒక మాట అన్నాడట. పాత వకీలు ఒప్పుకోకపోయినా పరవాలేదు, క్లయింటు సంతకంతో కోర్టునే అనుమతి అడిగి వకీలును మార్చుకోవచ్చు. నో అబ్జెక్షన్ అన్నది మర్యాద, దానికోసం ఎవరి కేసూ ఆగిపోనక్కర్లేదు. మిగతావాళ్లు నోట్సు రాసుకున్నారు. తిరుమల పుస్తకం మూసి బస్టాండుకు వచ్చి, మంచిర్యాల బస్సులు రెండు వెళ్లిపోతున్నా ఎక్కకుండా కూర్చుంది.

ఒక్క కాగితం. పోశం సంతకంతో ఒక్క కాగితం ఇచ్చి ఉంటే సరిపోయేది. అన్ని సోమవారాలు ఆ బెంచీ ముందు నుంచి ఎంతమంది నల్ల కోట్లు నడిచిపోయారు. ఒక్కరూ చెప్పలేదు.

దేవదాస్‌ను కూడా వదల్లేదు. చదువైపోయాక నేరుగా ఆయన ఆఫీసుకు పోయి అడిగింది.

"సార్, నో అబ్జెక్షన్ లేకున్నా వకీలును మార్చొచ్చని మీకు ఎరుకనే గద. మా బాపుకెందుకు చెప్పలే?"

దేవదాస్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రోజు ఒక్క తావున చాయ్ తాగేటోళ్లం బిడ్డా. ఆయనతోటి కొట్లాట ఎందుకనుకున్న" అన్నాడు.

మన దగ్గర వకీలుగా ఎన్‌రోల్ కావాలంటే మనిషి నడవడి మంచిదేనని సీనియర్లు రాసివ్వాలి. "అయితే నాకు రాసియ్యుండ్రి" అంది తిరుమల. దేవదాస్ అక్కడికక్కడే రాసిచ్చాడు. ఆమె థ్యాంక్స్ చెప్పలేదు, ఆయన ఆశించలేదు.

ఇంకో చిక్కు ఇంట్లో వచ్చింది. అప్పటికి తిరుమల కలెక్టర్ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద పని చేస్తోంది. వకీలుగా పేరెక్కాలంటే ఎక్కడా జీతానికి ఉండకూడదు. ఉద్యోగం వదిలేశానని రాసిస్తేనే బార్ కౌన్సిల్ పేరు చేర్చుకుంటుంది. ఉద్యోగం పోయి ఏడ్చిన ఇంట్లో, వచ్చిన ఉద్యోగం వదిలేస్తానని ఈ పిల్ల అంటే సరోజన ఊరుకుంటుందా. పొయ్యి మీద కూర మాడిపోతున్నా తిడుతూనే ఉందట. పోశం మాత్రం "ఏసుకోనియ్యే కోటు" అన్నాడు. అంతే అన్నాడు.

హైదరాబాద్‌లో నల్ల కోటు, తెల్ల బ్యాండు వేయించి ప్రమాణం చేయించారు. అయితే అది సగం లైసెన్సే. ఆ తర్వాత దేశమంతటికీ కలిపి పెట్టే బార్ పరీక్ష పాస్ కావాలి. గడువులోగా పాసైతేనే ప్రాక్టీస్ సర్టిఫికెట్ వస్తుంది, లేకపోతే కోటు విప్పి పెట్టెలో పెట్టుకోవాల్సిందే. విజయేందర్ కాలంలో ఈ పరీక్షే లేదు. పట్టా ఉంటే చాలు, కోటు వేసుకుని కోర్టుకొచ్చేసేవారు.

ఈ పరీక్షలో పుస్తకాలు చూసి రాయొచ్చు. చట్టాల మూల ప్రతులు వెంట తీసుకుపోనిస్తారు. షరతు ఒక్కటే, వాటిలో చేతిరాత ఉండకూడదు. నేనూ తిరుమలా తెల్లవారుజామున రైలెక్కి సికింద్రాబాద్ పోయాం. పరీక్ష హాలులో ఆమె నా ముందు బెంచీలో కూర్చుంది. ఇన్విజిలేటర్ వచ్చి అందరి పుస్తకాలూ తిరగేస్తోంది. తిరుమల పుస్తకం తెరిచి ఆగిపోయింది. వకీళ్ల చట్టంలో తప్పు చేసిన వకీలు మీద చర్య తీసుకునే సెక్షన్ పక్కన ఎర్ర పెన్నుతో 'విజయేందర్' అని రాసి ఉంది. సివిల్ ప్రొసీజర్ పుస్తకంలో వకీలును మార్చుకునే చోట 'మా బాపుకు చెప్పలే' అని ఉంది. నమ్మకద్రోహం అన్న చోట మళ్లీ ఆయన పేరే. గైర్హాజరు అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ 'సోమవారం'.

"ఏమిటమ్మా ఇదంతా?" అంది ఇన్విజిలేటర్.

"చదువుకునేటప్పుడు రాసుకున్న మేడం" అంది తిరుమల.

పుస్తకాలన్నీ పట్టుకుపోయారు. చుట్టూ అందరూ పేజీలు తిరగేస్తుంటే ఆమె ఒట్టి చేతులతో రాసింది. నేను పాసయ్యాను. తిరుమల కొద్దిలో పోయింది. ఎవరి మీద పగతో కోటు వేసుకుందో ఆ పేరే ఆమెను ఫెయిల్ చేసింది. ఫలితాలు చూసిన రోజు ఆ మాట నేనే అన్నాను. "నవ్వకక్కా" అంది, తర్వాత తనే నవ్వింది.

ఫలితాలొచ్చాక బార్ హాలులో అందరూ టీ తాగుతున్నప్పుడు విజయేందర్ గొంతు పెంచాడు. "పుస్తకాలు సూసి రాసే పరీక్ష గూడ పాస్ గాలేదట కదమ్మా. ఇంట్ల ఎవలికి రాదేమో పాపం హాజరు, సదువు." కొందరు నవ్వారు. ఆ నవ్వినవాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి, కేసులు వచ్చినప్పుడు గుర్తు చేసుకుంటూనే ఉంటాను. పోశం బిడ్డ అని ఆయనకు తెలుసన్నమాట. తెలిసే అన్నాడు. తిరుమల టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, తన ఫైలు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాతిసారి గీత కూడా లేని కొత్త పుస్తకాలు కొనుక్కుపోయి పాసైంది. సర్టిఫికెట్ చేతికొచ్చిన వారమే విజయేందర్ మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు తయారు చేసింది. ఫిర్యాదుదారు పోశం. అన్నీ రాసింది. రావద్దని చెప్పడం, తాను పోకపోవడం, సంతకానికి తిప్పడం, గడువు దాటాక ఇవ్వడం. దానికి లేబర్ కోర్టు ఉత్తర్వు నకలు జోడించింది.

"దీనికి నువ్వు వకీలు గావాల్నా? మీ బాపు ఎన్నడో ఇయ్యొచ్చు గద" అన్నాను.

"ఇయ్యొచ్చు. ఆయన ఏసుకున్న కోటే ఏసుకొని ఇద్దామనుకున్న మమతక్కా" అంది.

ఫిర్యాదు బార్ కౌన్సిల్‌లో నంబరు వేసుకుని పడుకుంది. విజయేందర్ నవ్వి ఊరుకున్నాడు. అలాంటివి చాలా చూశానని అందరితో అన్నాడు. తిరుమల వాయిదాలకు హైదరాబాద్ పోయి వచ్చేది. ఆయన జవాబు దాఖలు చేయడానికి గడువు మీద గడువు అడిగేవాడు. ఇలా ఈ కథ ఇంకా ఎన్నేళ్లు సాగేదో గానీ, ఆయనకే తొందర వచ్చిపడింది.

విజయేందర్ అత్తగారి ఊరు చంద్రపూర్. మనకు రైలు దూరమే, అయినా రాష్ట్రం వేరు. అక్కడ ఒక గనుల కంపెనీ తన కేసులు చూడటానికి వకీళ్ల ప్యానెల్ వేస్తోంది. బామ్మర్ది మాట సాయంతో ఈయన పేరు దాదాపు ఖాయమైంది. ఇక్కడ గొంతు తగ్గి, కొత్త వకీళ్లు పెరిగి, బాయి కేసులు చేయి జారుతున్న ఆయనకు అది ముసలితనంలో దొరికిన సింహాసనం. ఒక రాష్ట్రంలో పేరున్న వకీలు దేశంలో ఎక్కడైనా వాదించవచ్చు, చట్టం ఆపదు. కానీ ఆ ప్యానెల్‌కు షరతు పెట్టారు. మహారాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు ఉన్నవాళ్లే కావాలి. అంటే తన పేరు ఇక్కడి జాబితా నుంచి అక్కడికి మార్పించుకోవాలి. అలా మారాలంటే ఇక్కడి కౌన్సిల్ తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. మనిషి మీద ఫిర్యాదు నడుస్తుంటే రాసివ్వరు.

అర్థమైంది కదా. పోశం ఒక సంతకం కోసం ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆయనకు పోశం సంతకం కావాలి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని పోశం అఫిడవిట్ ఇస్తే, ఫిర్యాదులు చూసే బార్ కౌన్సిల్ కమిటీ దాన్ని మూసేయవచ్చు. లేకపోతే చంద్రపూర్ లేదు.

ఒక రోజు పొద్దున విజయేందర్ మా రేకుల షెడ్డు కిందికి వచ్చాడు. ఆయన అటువైపు రావడం నేనెప్పుడూ చూడలేదు.

"తిరుమల మేడం, జర మాట్లాడేదుండె" అన్నాడు.

'ఏమమ్మా' అనే గొంతు 'మేడం' అంటుంటే నాకు కడుపు నిండిపోయింది. దాచుకోవడం ఎందుకు, పండగలా అనిపించింది. తిరుమల తల ఎత్తలేదు. ఎదురుగా ఎవరో ముసలమ్మ భూమి కాగితాలు పట్టుకుని కూర్చుని ఉంది.

"క్లయింట్లున్నరు సార్. సోమవారం రాండ్రి" అంది.

ఆయనకు వెంటనే తట్టలేదనుకుంటాను. సోమవారం వచ్చాడు. మా బాపును అడగాలి, సోమవారం రాండ్రి అంది. మళ్లీ వచ్చాడు. బాపుకు ఒంట్లో బాగాలేదు, సోమవారం చూద్దాం అంది. అప్పుడు తట్టింది. ఆయన చెవులు ఎర్రబడటం నేను కళ్లారా చూశాను. అయినా కోపం మింగి మరుసటి సోమవారం కూడా వచ్చాడు. ముసలమ్మలు లేచేదాకా క్లయింట్ల స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఆ వరసలో అందరికీ చాయ్ తెప్పించి ఆయనకు తెప్పించేదాన్ని కాదు. చిన్న బుద్ధే, ఒప్పుకుంటాను. ఆ చిన్న బుద్ధిలో ఎంత సుఖముందో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఆఖరికి విజయేందర్ దేవదాస్‌ను పట్టుకున్నాడు. దేవదాస్ కర్ర ఊతంగా పట్టుకుని మా షెడ్డుకు వచ్చాడు.

"సాలు బిడ్డా. వచ్చే బుధవారం కమిటీ కూసుంటది, అది దాటితే చంద్రపూర్ గడువు గూడ పోతది, ఆయనకు దారి లేదు. పంతం తీరింది గద. నా మాటకు ఒక్కసారి విలువియ్యి" అన్నాడు.

తిరుమల కర్ర పట్టుకున్న ఆయన చేతి వైపు చూసింది. నడవడి మంచిదని రాసిచ్చిన చెయ్యి కదా అది.

"ఫిర్యాదు నాది గాదు సార్, మా బాపుది. కాగితం నేను తయారు జేస్త. శుక్రవారం ఆయననే మా ఇంటికి పోయి అడుక్కొమ్మనుండ్రి" అంది.

దేవదాస్ పోయాక ఆమె మొహం చూడాలి. అఫిడవిట్ టైపు చేయిస్తూ అక్షరం అక్షరానికీ మండిపోయింది. "మా బాపు పెడతడక్కా. ఆయనది మెత్తని పానం. ఎవలన్న ఇంటికచ్చి పోశమన్నా అంటే సాలు, కరిగిపోతడు. నేను గిన్నేండ్లు మోసింది ఒక్క చాయ్ తోటి పోతది" అంది. నేనూ అదే అనుకున్నాను. పోశాన్ని ఎరిగిన ఎవరైనా అదే అనుకుంటారు.

శుక్రవారం మందమర్రి పోయాం. సంతకం పెట్టింది పోశమేనని గుర్తుపట్టడానికి వకీలుగా నేను వెంట ఉన్నాను. కారు సందులోకి రాక విజయేందర్ నడుచుకుంటూ వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచాడు.

"పోశమన్నా, మంచిగున్నవా?"

పోశం గోడకు ఆనుకుని మంచం మీద ఉన్నాడు. దుప్పటి సర్దుకున్నాడు. "రాండ్రి సార్. కూసోండ్రి. ఓ సరోజనా, సార్‌కు చాయ్ పెట్టు."

తిరుమల నా వైపు చూసింది. చూశావా అన్నట్టు.

సరోజన చాయ్ తెచ్చి, ఆయన చేతికివ్వకుండా పక్కన స్టూలు మీద పెట్టి లోపలికి పోయింది. విజయేందర్ రెండు గుక్కలు తాగాడు. అయిందేదో అయింది, తప్పు జరిగింది, మనసులో పెట్టుకోవద్దు అన్నాడు. పోశం వింటూ తలూపాడు. మధ్యలో దగ్గొచ్చింది. విజయేందర్ కుర్చీ వెనక్కి జరపబోయి ఆగిపోవడం నేను చూశాను. పోశమూ చూశాడు.

"సార్, ఒక్క మాట అడుగుత. నా కేసు పిలిచిన దినం మీరు ఏడికి పోయిండ్రు?"

విజయేందర్ కాసేపు చాయ్ గ్లాసు వైపు చూశాడు. "చంద్రపూర్ పోయిన. పెండ్లి ఉండె."

"ఎవలది సార్?"

"మా మరదలిది."

"పిల్లలున్నరా ఆమెకు?"

"ఇద్దరు."

"మంచిగ సదువుతున్నరా?"

"సదువుతున్నరు."

"మంచిది సార్" అన్నాడు పోశం. నిజంగానే మంచిదన్నట్టు అన్నాడు. తిరుమల అఫిడవిట్ తీసి మంచం మీద పెట్టింది, పెన్ను ఇచ్చింది. పోశం పెన్ను పట్టుకుని కాగితం పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత పెన్ను మూత పెట్టి బిడ్డ చేతిలో పెట్టాడు.

"సోమవారం రాండ్రి సార్."

లోపల సరోజన గిన్నె కడగడం ఆపేసింది.

"బుధవారం కమిటీ ఉంది పోశమన్నా. గిప్పుడు పెడితేనే..." అన్నాడు విజయేందర్.

"సోమవారం బుధవారం కన్న ముందే గద సార్. రాండ్రి. నేను ఇంట్లనే ఉంట."

విజయేందర్ లేచాడు. గ్లాసులో సగం చాయ్ అలాగే ఉంది. గడప దగ్గర ఒక చెప్పులో సరిగా కాలు పెట్టకుండానే సందులోకి దిగి వెళ్లిపోయాడు. తిరుమల తండ్రిని చూస్తూ నిలబడిపోయింది. తన పగే పెద్దదని ఆ పిల్ల ఇన్నాళ్లూ అనుకుంది.

సోమవారం కోర్టు అయ్యాక నేనూ ఆమెతో మందమర్రి పోయాను, చూడాలనిపించి. పోశం గడ్డం గీయించుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ గడపలోకి తెప్పించుకుని సందు వైపు చూస్తూ కూర్చున్నాడు. పొద్దటి నుంచి అలాగే ఉన్నాడని, అన్నం కూడా అక్కడే తిన్నాడని సరోజన చెప్పింది. అఫిడవిట్ మడత పెట్టి పెన్నుతో కలిపి జేబులో పెట్టుకున్నాడు.

విజయేందర్ రాలేదు. బుధవారం కమిటీ కూర్చుంది, లేచింది. ఫిర్యాదు ఫిర్యాదుగానే ఉంది. చంద్రపూర్ ప్యానెల్‌లో ఆ చోటు ఇంకెవరికో పోయింది. ఆయన ఇప్పటికీ మా బార్ హాలులోనే టీ తాగుతాడు, గొంతు మాత్రం పెంచడు. ఆయన ఎందుకు రాలేదో నేను చెప్పగలను. సోమవారం రమ్మంటే ఏమిటో మంచిర్యాల మొత్తం మీద ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ మాట నిజంగా కూడా అనొచ్చని ఆయనకు తోచలేదు.

ఆ సోమవారం చీకటి పడుతుంటే తిరుమల తండ్రి పక్కన గడప మీద కూర్చుంది.

"బాపూ, ఆయన వస్తే పెడుదువా సంతకం?"

పోశం కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఏమో బిడ్డా. పెడుదునో, మల్ల సోమవారం రమ్మందునో. మనిషి రావాలె గద." సందు చివరి దాకా మరోసారి చూశాడు. "రమ్మంటే నేనైతే ప్రతి సోమవారం పోయిన."

ఆ తర్వాత కుర్చీ లోపల వేయమన్నాడు, మేమిద్దరం పట్టుకుని లోపల వేశాం.